చెదల పేగులో బూజుకు అడ్డుకట్ట: బ్యాక్టీరియా పెప్టైడ్లు ఎలా పనిచేస్తాయి, పరీక్షల్లో ఎక్కడ పొరబడతాం

చెదపుట్ట లోపల ఎప్పుడూ తేమే. వేడి ఏడాదంతా పెద్దగా మారదు. నమిలి పేర్చిన కట్టెపొడి, ఎండుటాకుల పిండి గుట్టలుగా ఉంటుంది. బూజు పట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అయినా పుట్ట బతికున్నంత కాలం అక్కడ ఒక్క బూజుదే పైచేయి. చెదలు స్వయంగా సాగుచేసే ఆ బూజు పేరు టెర్మిటోమైసిస్. వానలు పడ్డాక పుట్టల మీద లేచే తినే పుట్టగొడుగులు దానివే. కూలీ చెదలను తీసేసి, ఆ బూజు పెరిగే గుట్టను, అంటే బూజు తోటను, ఒక పెట్టెలో తేమగా ఉంచితే కొద్ది రోజుల్లోనే సూడోజైలేరియా అనే కలుపు బూజు తోటంతా కమ్మేస్తుంది. అంటే కలుపు ముందునుంచీ లోపలే ఉంది. చెదలు ఉన్నంత వరకు తలెత్తలేకపోయింది, అంతే.

దాన్ని అణిచి ఉంచే కారణాలు చాలా ఉన్నాయి. చెదలు తోటను నాకి శుభ్రం చేస్తాయి, బూజు బీజాలను మింగేస్తాయి, కలుపు సోకిన ముక్కను మట్టిలో పాతేస్తాయి. వీటితోపాటు లెక్కలోకి తీసుకోవలసినది చెదల పేగులో, తోటలో ఉండే బ్యాక్టీరియా వదిలే రసాయనాలు. వాటిలో కొన్ని పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. తూర్పు ఆసియా చెద ఓడోంటోటెర్మిస్ ఫార్మోసానస్ తోటల్లోని బాసిల్లస్ బ్యాక్టీరియా ట్రైకోడెర్మా హార్జియానమ్ అనే బూజును అడ్డుకుంటుందని 2012లో తేలింది. ఆఫ్రికా చెద మాక్రోటెర్మిస్ నాటాలెన్సిస్‌లోని బాసిల్లస్ బాసిల్లీన్ అనే పదార్థంతో తోట శత్రువులను అడ్డుకుంటుందని 2013లో ప్రచురించారు.

ఇందులో పేగుకు ఎందుకంత ప్రాధాన్యం? చెద తిన్న మొక్క పదార్థం, దానితో మింగిన టెర్మిటోమైసిస్ బీజాలు కలిసి పేగు గుండా ఒకసారి ప్రయాణించి, మలంగా బయటికొచ్చి తోటలో కొత్త పొరగా మారతాయి. తోటలోని ప్రతి రవ్వా ఒకసారి పేగు దాటి వచ్చిందే. పేగులోని బ్యాక్టీరియా కూడా దానితోపాటే తోటకు చేరుతుంది. కాబట్టి పేగులో బూజును అడ్డుకునే శక్తి ఉంటే దాని ఫలితం ఒక్క పురుగుతో ఆగదు, గూడు మొత్తానికీ అందుతుంది.

ఏ పెప్టైడ్ గురించి మాట్లాడుతున్నాం?

ఈ విషయం మీద వచ్చే రాతల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. మూడు వేర్వేరు వర్గాలను ఒకే పేరుతో పిలిచేస్తారు.

మొదటిది పురుగు తన శరీరంలో తానే తయారుచేసుకునేది. 1981లో హాన్స్ బోమన్ బృందం ఒక పట్టుచిలుక రక్తం నుంచి వేరుచేసిన సెక్రోపిన్ ఈ కోవలోది. పండ్ల ఈగలోని డ్రోసోమైసిన్ కూడా అంతే: 44 అమైనో ఆమ్లాల గొలుసు, బూజుల మీదే గురి. టోల్ అనే జన్యువు చెడిన ఈగలు బూజు సోకి చనిపోతాయని 1996లో చూపించిన జూల్స్ హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. గొప్ప శాస్త్రమే, కానీ ఆ పెప్టైడ్లలో బ్యాక్టీరియా చేతి పని లేదు.

రెండో వర్గం బ్యాక్టీరియా తన రైబోజోముల (కణంలో ప్రోటీన్లు అల్లే యంత్రాల) మీద, జన్యువు చెప్పిన వరుసలో అల్లే బాక్టీరియోసిన్లు. వీటిలో ఎక్కువ భాగం సాటి బ్యాక్టీరియానే చంపుతాయి. బూజు విషయంలో వీటి మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అసలు పని చేసేది మూడో వర్గం, లైపోపెప్టైడ్లు. వీటిని బ్యాక్టీరియా రైబోజోముతో పనిలేకుండా, భారీ ఎంజైముల మీద ఒక్కో అమైనో ఆమ్లాన్నీ అతికించి తయారుచేస్తుంది. ఎంజైములో ఒక్కో భాగం ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఎంచుకుని, ముందున్న దానికి కలుపుతుంది. చివరికి గొలుసు ఉంగరంలా చుట్టుకుంటుంది, దానికి ఒక కొవ్వు ఆమ్లపు తోక ఉంటుంది. బాసిల్లస్ తయారుచేసేవాటిలో ముఖ్యమైనవి మూడు కుటుంబాలు. ఇటూరిన్‌లో ఏడు అమైనో ఆమ్లాలు ఉంటాయి. కాంగోలోని ఇటూరి ప్రాంతపు మట్టి నుంచి తీసిన బ్యాక్టీరియాలో మొదట దొరికింది. ఫెంజైసిన్‌లో పది ఉంటాయి. సర్ఫాక్టిన్‌లో ఏడు, దీన్ని 1968లో జపాన్‌లో గుర్తించారు. ఇది నీటి తలతన్యతను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి 27 దాకా దించేస్తుంది.

బాసిల్లీన్‌ను నేరుగా పెప్టైడ్ అనకూడదు. అందులో ఎక్కువ భాగం పాలీకీటైడ్ (చిన్న కార్బన్ ముక్కలు అతికించి కట్టిన గొలుసు), కొంత భాగమే ఇదే పద్ధతిలో అల్లిన పెప్టైడ్. మిడతల పేగులోని పాంటోయియా బ్యాక్టీరియా వదిలే బూజునాశకాలైతే చిన్న ఫినాల్ అణువులు. పురుగుల బ్యాక్టీరియా వదిలిన ప్రతి బూజునాశకాన్నీ పెప్టైడ్ అని రాసేస్తే, దాన్ని వేరుచేసే పద్ధతి కూడా తప్పుతుంది.

బూజు కణం దగ్గర జరిగేది

బూజు కణానికి బయట కైటిన్, గ్లూకాన్‌లతో గట్టి గోడ, లోపల పల్చటి కొవ్వు పొర ఉంటాయి. లైపోపెప్టైడ్ల గురి ఆ పొర. బూజుల పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది, మన పొరల్లో కొలెస్టెరాల్; రెండూ స్టెరాల్ అనే కొవ్వు జాతి పదార్థాలే. బ్యాక్టీరియా పొరల్లో సాధారణంగా స్టెరాల్ ఉండదు. ఇటూరిన్ తోక పొరలోకి దిగి, స్టెరాల్‌తో జతకట్టి, చిన్న రంధ్రాలు చేస్తుంది. వాటిగుండా మొదట పొటాషియం అయాన్లు బయటికి కారిపోతాయి, ఆ తర్వాత కణంలో మిగతా సరుకు. ఇటూరిన్ బూజులను బాగా కొట్టి, సాటి బ్యాక్టీరియాను పెద్దగా తాకకపోవడానికి కారణం ఇదే.

ఫెంజైసిన్ తీరు వేరు. పొర మీద అణువులు గుంపులుగా చేరి, ఒక స్థాయి దాటాక పొరను ముక్కలు చేస్తాయి. అందుకే పోగులుగా పెరిగే బూజుల మీద పదునుగా, ఈస్టుల మీద మెత్తగా పనిచేస్తుంది. సర్ఫాక్టిన్ ఒంటరిగా బలహీనమే, కానీ సబ్బు బట్టల జిడ్డును వదులు చేసినట్టు పొరను వదులు చేసి మిగతా రెండింటికీ దారి ఇస్తుంది. మూడూ కలిసి ఉన్న ద్రవం, విడివిడిగా కొలిచిన వాటి మొత్తం కంటే ఎక్కువ పనిచేయడం తరచూ కనిపిస్తుంది.

సూక్ష్మదర్శినిలో చూస్తే పోగుల చివర్లు బుడగల్లా ఉబ్బుతాయి, కొమ్మలు గుబురుగా, వంకరగా మారతాయి, బీజాలు మొలకెత్తవు. కేవలం పెరుగుదల తగ్గి, పోగు ఆకారం మామూలుగా ఉంటే పొర మీద దెబ్బ పడిందని అనకూడదు. అక్కడ పోషకాల కోసం పోటీయో, పీహెచ్ మార్పో జరిగి ఉండవచ్చు.

పిథియం, ఫైటోఫ్థొరా పేరుకు బూజు తెగుళ్ల జాబితాలో ఉన్నా నిజమైన బూజులు కావు, ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోలేవు. ఆస్పర్జిల్లస్ వంటి నిజమైన బూజు మీద వచ్చిన ఫలితాన్ని ఇవి తెచ్చే నారుకుళ్లు తెగులుకు అలాగే అన్వయించడం తప్పు. విడిగా పరీక్షించాల్సిందే.

పురుగు నుంచి పెప్టైడ్ దాకా

ఇక్కడ ప్రతి మెట్టులోనూ జారే ప్రమాదం ఉంది. పురుగును ముందు ఒక రోజు ఆకలితో ఉంచాలి, లేకపోతే నిన్న తిన్న మట్టిలోని బ్యాక్టీరియానే పేగు బ్యాక్టీరియాగా లెక్కిస్తాం. తర్వాత 70 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం, ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో మరో నిమిషం ముంచి, శుద్ధమైన నీటితో మూడుసార్లు కడగాలి. మూడో కడుగు నీటిని పారబోయకుండా 100 మైక్రోలీటర్లు ప్లేటు మీద పరచాలి. అక్కడ ఏదైనా పెరిగితే ఆ పురుగు లెక్కలోకి రాదు. పేగును ఫాస్ఫేట్ బఫరులో నూరి, పదో వంతు చొప్పున ఆరుసార్లు పలుచన చేసి, 28–30 డిగ్రీల దగ్గర రెండు రోజులు పెంచుతారు.

బాసిల్లస్ కోసం నూరిన ద్రవాన్ని 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేయడం అలవాటు. బాసిల్లస్ బీజాలు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే దాని రూపం, బతుకుతాయి, మిగతావన్నీ చస్తాయి. ఈ సౌకర్యంలోనే పెద్ద పొరపాటు దాగి ఉంది. బాసిల్లస్ బీజాలు మట్టిలో, దుమ్ములో, ఆకు మీద అంతటా ఉంటాయి, మేతతోపాటు పేగులోకి వెళ్లి నిద్రలోనే బయటికి పోతాయి. నిద్రలో ఉన్న బీజం పెప్టైడ్ తయారుచేయదు. కాబట్టి ఒకే పేగు ద్రవాన్ని వేడిచేయకుండా ఒకసారి, వేడిచేసి ఒకసారి పరచి రెండు సంఖ్యలూ చూడాలి. బాసిల్లస్ సంఖ్య రెండింటిలో దాదాపు సమానంగా ఉంటే, అది పేగులో కాపురం చేయడం లేదు, దారిన పోతోంది. తేనెటీగ పేగులో స్థిరంగా ఉండేవి స్నోడ్‌గ్రాసెల్లా, గిల్లియామెల్లా, కొన్ని లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం జాతులు. బాసిల్లస్ అక్కడ సాధారణంగా అతిథే.

తర్వాత ఎదురెదురు పరీక్ష. 90 మిల్లీమీటర్ల బంగాళాదుంప డెక్స్ట్రోజ్ అగర్ ప్లేటులో ఒకవైపు 5 మిల్లీమీటర్ల బూజు ముక్క, దానికి మూడు సెంటీమీటర్ల దూరంలో బ్యాక్టీరియా గీత. బ్యాక్టీరియా లేని ప్లేటులో బూజు 40 మిల్లీమీటర్లు పాకి, ఉన్న ప్లేటులో 14 దగ్గర ఆగితే నిరోధం 65 శాతం. చాలా వ్యాసాలు ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి. ఆ ఖాళీ జాగా పెప్టైడ్ వల్లే వచ్చిందని ఈ పరీక్ష చెప్పదు. ఆమ్లం, అమ్మోనియా, గాలిలో కలిసే వాయువులు, కైటిన్‌ను కోసే ఎంజైములు, ఇనుమును లాక్కునే అణువులు, అన్నీ ఇలాంటి ఖాళీనే చేస్తాయి.

వాటిని విడదీయాలంటే బ్యాక్టీరియాను లాండీ ద్రవంలో పెంచాలి. దీనిలో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్, 5 గ్రాముల గ్లుటామిక్ ఆమ్లం ఉంటాయి. 30 డిగ్రీల దగ్గర, నిమిషానికి 150–180 చుట్లతో ఊపుతూ రెండు మూడు రోజులు ఉంచాలి. ఫ్లాస్కులో అయిదో వంతుకు మించి నింపకూడదు. సర్ఫాక్టిన్ నురగ పొంగి దూదిని తడిపేస్తుంది, ఆపై బయటి సూక్ష్మజీవులు చేరతాయి. నురగలోనే చాలా సరుకు పోతుంది కూడా. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించి, ద్రవాన్ని 0.22 మైక్రోమీటర్ల వడపోత గుండా పంపి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కు తెచ్చి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచితే లైపోపెప్టైడ్లు తెల్లటి మడ్డిగా కిందికి దిగుతాయి. ఆ మడ్డిని మిథనాల్‌లో కరిగిస్తే ముడి సారం సిద్ధం. బాసిల్లీన్ కోసం వెతికేవారు ఈ దారిన పోకూడదు. అది వెలుతురుకూ గాలికీ త్వరగా చెడిపోతుంది. పాత్రలకు రేకు చుట్టాలి, చల్లగా, త్వరగా పని ముగించాలి. ప్లేటులో బలంగా ఉన్న నిరోధం సారంలో మాయమవడానికి ఇదొక మామూలు కారణం.

సారం దొరికాక చేసే చిన్న పరీక్షలు ఎంతో చెబుతాయి, సరిగా చదవగలిగితే. 100 డిగ్రీల దగ్గర మరిగించినా శక్తి పోకపోతే అది ఎంజైము కాదు. ప్రోటీన్‌ను కోసే ప్రోటీనేజ్ కె కలిపినా శక్తి పోకపోతే పెప్టైడ్ కాదని కొందరు తీర్మానిస్తారు. అది తప్పు. ఉంగరంగా చుట్టుకుని, డి-రూప (మామూలు వాటికి అద్దంలో ప్రతిబింబం లాంటి) అమైనో ఆమ్లాలున్న లైపోపెప్టైడ్లను ఈ ఎంజైములు సులభంగా కోయలేవు. అలాగే స్వేచ్ఛగా ఉన్న అమైనో కొసలను రంగుతో చూపే నిన్‌హైడ్రిన్ చల్లితే రంగు రాలేదని వదిలేయకూడదు. ఇటూరిన్, సర్ఫాక్టిన్‌లలో స్వేచ్ఛగా ఉన్న అమైనో కొస లేదు, రంగు రాదు. ఫెంజైసిన్‌లో ఆర్నిథిన్ ఉంది కాబట్టి రావచ్చు. పల్చటి పొర క్రోమటోగ్రఫీ ప్లేటు మీద ఉత్త నీళ్లు చల్లి చూడడం పాత పద్ధతే అయినా మంచిది: నీటిని తిప్పికొట్టే లైపోపెప్టైడ్ మచ్చలు తెల్లగా తేలతాయి.

బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గరా జాగ్రత్త కావాలి. సర్ఫాక్టిన్‌కు సోడియం అతుక్కుంటే 1044 దగ్గర గీత వస్తుంది, ఇటూరిన్‌కు ప్రోటాన్ అతుక్కుంటే 1043 దగ్గర. తక్కువ స్పష్టత ఉన్న యంత్రంలో ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం చాలా తేలిక. ఒకే కుటుంబంలో 14 చొప్పున దూరంగా వరుస గీతలు కనిపిస్తే కొవ్వు తోక పొడవు మారుతోందని అర్థం. ముక్కలు చేసి అమైనో ఆమ్లాల వరుస చదివాకే పేరు పెట్టాలి.

జన్యువు దొరికిందంటే పెప్టైడ్ దొరికినట్టు కాదు. ప్రయోగశాలల్లో అందరూ వాడే బాసిల్లస్ సబ్టిలిస్ 168లో సర్ఫాక్టిన్ ఎంజైముల జన్యువులు ఉన్నాయి. కానీ ఆ ఎంజైములను మేల్కొలిపే ఎస్‌ఎఫ్‌పీ అనే చిన్న జన్యువు చెడిపోవడంతో అది చుక్క సర్ఫాక్టిన్ కూడా తయారుచేయదు. గట్టి సాక్ష్యం కావాలంటే అనుమానించిన జన్యువును తీసేసి నిరోధం పోతోందా, తిరిగి పెడితే వస్తోందా చూడాలి.

గురి పొరేనా అని తేల్చడానికి రెండు పరీక్షలు చవకైనవి. ద్రవంలో ఎర్గోస్టెరాల్‌ను విడిగా కలిపితే, బూజును ఆపడానికి కావలసిన మోతాదు పెరగాలి. పెప్టైడ్ బయటి ఎర్గోస్టెరాల్‌కే అతుక్కుపోయిందన్నమాట. మరో దానిలో, గోడ దెబ్బతిన్నా కణం పగలకుండా కాసే సార్బిటాల్‌ను 0.8 మోలార్ కలుపుతారు. అప్పుడు మోతాదు పెరిగితే గురి పొర కాదు, కణపు గోడ. గోడను దెబ్బతీసే కాస్పోఫంగిన్ వంటి బూజు మందుల విషయంలో అలా జరుగుతుంది. ఈ కొలతలన్నిటిలో మిథనాల్ ఒక శాతం దాటకూడదు, ఉత్త మిథనాల్ వేసిన గొట్టం పక్కన తప్పక ఉండాలి.

పురుగు ఒంట్లో ఎంతవరకు?

ప్లేటులో గెలిచిన పెప్టైడ్ పేగులో గెలుస్తుందా అన్నది బూజు ఏ దారిన వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. తేనెటీగ పిల్లపురుగుల్లో సున్నపుముద్ద తెగులు తెచ్చే ఆస్కోస్ఫీరా ఏపిస్ మేతతో మింగిన బీజాల ద్వారా, పేగులోనే మొలకెత్తి సోకుతుంది. ఇక్కడ పేగు బ్యాక్టీరియాకు నిజంగా అవకాశం ఉంది. పట్టుపురుగుల్లో తెల్ల మస్కార్డిన్ తెచ్చే బ్యూవేరియా బాసియానా మాత్రం చర్మాన్ని తొలుచుకుని వస్తుంది. హిందూపురం, మదనపల్లె వైపు చలికాలంలో చంద్రికల (పురుగులు గూళ్లు అల్లే తట్టల) మీద అది పడితే, పేగులో ఎంత పెప్టైడ్ ఉన్నా అడ్డు రాలేదు. పైగా పట్టుపురుగు మధ్యపేగు గాఢమైన క్షారం. సర్ఫాక్టిన్, ఫెంజైసిన్ ఉంగరాలను మూసే ఎస్టర్ బంధం క్షారంలో తెగగలదు. బ్యూవేరియా విషయంలో గది తేమ తగ్గించడం, పడక మీద క్రిమిసంహారక పొడి చల్లడం పనిచేస్తాయి; మేతలో బ్యాక్టీరియా కలిపితే చాలనే ప్రకటనలను నమ్మి ఇవి మానేయకూడదు.

పేగు బ్యాక్టీరియా ఎప్పుడూ పురుగు పక్షమే అనుకోవడానికీ లేదు. అనాఫెలిస్ స్టీఫెన్సి దోమకు బ్యూవేరియా సోకినప్పుడు, దాని పేగులోని సెరేషియా మార్సెసెన్స్ రక్తంలోకి చొరబడి చావును త్వరపరుస్తుందని 2017లో వెల్లడైంది.

మందుగా కంటే ముందు పొలంలో

మనుషుల మందుగా ఇవి రావడానికి పెద్ద అడ్డంకి వీటి పనితీరులోనే ఉంది. స్టెరాల్ ఉన్న పొర మన ఎర్రరక్తకణాలకూ ఉంది. సర్ఫాక్టిన్ వాటిని చిట్లిస్తుంది, ఇటూరిన్‌కూ ఆ గుణం ఉంది. ఫెంజైసిన్ కొలెస్టెరాల్ పొరల జోలికి తక్కువ వెళ్తుంది కాబట్టి కొంత మెరుగు. అందుకే ఏ పెప్టైడ్‌కైనా బూజును ఆపే మోతాదు, రక్తకణాలను చిట్లించే మోతాదు పక్కపక్కన చెప్పని ఫలితాన్ని వైద్యపరంగా పట్టించుకోనక్కర్లేదు.

పొలంలో సంగతి వేరు. క్యూఎస్‌టీ 713 అనే బాసిల్లస్ రకం ఈ మూడు కుటుంబాల లైపోపెప్టైడ్లతోనే చాలాకాలంగా బూజుమందుగా అమ్ముడవుతోంది. అది దొరికింది పురుగులో కాదు, కాలిఫోర్నియా పీచ్ తోట మట్టిలో. మొదట సబ్టిలిస్ అన్నారు, జన్యుక్రమం చూశాక వెలెజెన్సిస్‌గా మార్చారు. బ్యాక్టీరియాను గుర్తించడానికి మామూలుగా చదివే 16ఎస్ జన్యువు ఒక్కదానితో ఈ దగ్గరి జాతులను విడదీయలేమని గుర్తుంచుకోవడానికి ఇది చాలు.

రాయలసీమ వేరుశనగలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు తెచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం ఇలాంటి బ్యాక్టీరియాకు సరైన పరీక్ష. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ తీసుకోదు. ఇక్కడ బూజు పెరుగుదల 65 శాతం తగ్గిందన్న అంకె రైతుకు ఏమీ చెప్పదు, విషం ఎంత తగ్గిందో విడిగా కొలవాలి. చావని బూజు, ఒత్తిడిలో పడి గ్రాముకు ఎక్కువ విషం తయారుచేసే సందర్భాలూ ఉంటాయి. పూత దశ తర్వాత బెట్ట వస్తే కాయ నేలలోనే బూజుకు లొంగిపోతుంది. విత్తనానికి పట్టించిన బ్యాక్టీరియా అప్పటికి కాయ చుట్టూ ఎంత మిగిలిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

మరొకటి తరచూ మరిచిపోయేది. చెదల తోటలో బాసిల్లస్ అడ్డుకున్న ట్రైకోడెర్మా, తెగుళ్ల బూజులను అణిచేది కాబట్టి మన రైతుకు మిత్రుడు. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి మాగబెట్టి చల్లడం ఇక్కడ మామూలే. ఆ కుప్పలోనే ఇటూరిన్ బాగా తయారుచేసే బాసిల్లస్ పొడి కూడా కలిపితే, కొన్న రెండింటిలో ఒకటి మరొకదాన్ని తినేయవచ్చు. అమ్మేవారు రెండూ కలపవచ్చని చెబితే, ఆ రెండు రకాలనే ఒక ప్లేటులో ఎదురెదురుగా పెంచిన ఫలితం అడగాలి. అది లేకపోతే బాసిల్లస్‌ను విత్తనానికి పట్టించి, ట్రైకోడెర్మాను ఎరువుతో విడిగా వేయడం మేలు. మొదటిది గింజ చుట్టూ, రెండోది సాలులో కాస్త దూరంగా పడతాయి.